వెనక సీట్లో వాసన

బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడమన్నాడు యాదన్న, చల్లగా ఉంటేనే నమ్మమన్నాడు. వెంకటేశం పెట్టి చూశాడు. చల్లగానే ఉంది, రాత్రి పడ్డ మంచు ఇంకా రేకు మీద చెమర్చే ఉంది, అంటే తాము వచ్చేలోపు బండి అమ్మే ఈ పెద్దమనిషి ఇంజన్ ఒకసారి తిప్పి వేడి చేసి పెట్టలేదు, అంటే దాచుకునేదేమీ లేదేమో, లేదా దాచడం తెలియని మనిషేమో, ఆ రెంటికీ తేడా ఏమిటో ఆలోచించే ఓపిక వెంకటేశానికి లేదు. రాత్రంతా రియాక్టర్ పక్కన నిలబడ్డ కాళ్లు మోకాళ్ల కిందనుంచి ఎవరివో అయినట్టున్నాయి. కళ్లలో ఇసుక పోసినట్టుంది. జిన్నారం అవతలి మందుల కంపెనీలో షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో పటాన్‌చెరు వచ్చి, బస్టాండులో తన కోసం కూర్చున్న భార్య పుష్పమ్మను ఆటో ఎక్కించుకొని తిన్నగా ఈ బీరంగూడకు వచ్చాడు. ఇంటికి పోయి నడుం వాలిస్తే మళ్లీ లేవడం తన వల్ల కాదు. తోడుగా వస్తానన్న మెకానిక్ యాదన్న జహీరాబాద్ దారిలో ఎవరిదో లారీ ఆగిపోయిందని నిన్న సాయంత్రమే వెళ్లిపోయాడు, వెళ్తూ వెళ్తూ పాత బండి కొనేవాడు ఏమేం చూడాలో దారి పక్కన నిలబెట్టి చెప్పాడు. ఆ మాటలన్నీ రాత్రంతా వాల్వుల మధ్య, మీటర్ల మధ్య గుర్తు చేసుకుంటూనే ఉన్నాడు వెంకటేశం, ఇప్పుడేమో సగం గుర్తున్నాయి, సగం నిద్రలో కలిసిపోయాయి.

తెల్లటి చిన్న కారు. కొని పదేళ్లు దాటింది. నరసరాజు గారు పక్కనున్న పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన మనిషి, ఈ బండిని కొత్తగా కొన్నది ఆయనే, నడిపిందీ ఆయనే, ఇప్పుడు కళ్లకు పొరలు వచ్చి నడపలేక అమ్ముతున్నాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని రేకుల షెడ్డు కింద నిలబడి, "మంచిగ సూస్కో తమ్మీ, నాకేం తొందర లేదు" అన్నాడు. తొందర లేదనే మనిషిని చూస్తే నిద్ర ఇంకా ముంచుకొస్తుంది. టైర్లు చూశాడు, ఒక వైపే అరగలేదు. తలుపు వేశాడు, డబ్బా చప్పుడు రాలేదు, ముందు తలుపులు గట్టిగానే పడ్డాయి, వెనక కుడి వైపుది మాత్రం రెండోసారికి పడింది. ఆయిల్ మూత విప్పి లోపల చూశాడు, తెల్లటి నురగ ఉంటే నీళ్లు కలుస్తున్నట్టు అన్నాడు యాదన్న, లేదు. ఆయిల్ కడ్డీ పైకి లాగాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. కమిలిన వాసన వస్తే ఇంజన్ ఒకసారి ఎప్పుడో ఎండిపోయి నడిచినట్టు, అది దగ్గర పెట్టుకొని చూడు, కళ్లు మోసం చేస్తయి గాని ముక్కు మోసం చెయ్యదు అన్నాడు యాదన్న. కడ్డీని ముక్కు దగ్గరకు తెచ్చి, గాలి పీల్చి, తల ఆడించాడు వెంకటేశం. చల్లటి గాలి లోపలికి పోయింది, అంతే. నీళ్లు తాగినట్టు గాలి పీల్చడం, దాంట్లో ఏమీ లేదు, రెండేళ్లుగా దేంట్లోనూ ఏమీ లేదు. పుష్పమ్మ తననే చూస్తున్నదని తెలిసి కడ్డీ ఆమె వైపు చాపాడు.

"జలుబుగున్నది నాకు. నువ్వు సూడు జెర."

ఆమె కొంగు చివరతో కడ్డీ పట్టుకొని చూసింది. "నూనె వాసనే."

"కమిలిందా?"

"నాకేమెర్క? కమిలితె అట్టు మాడినట్టుండాలె గద. గట్లేం లేదు." ఆమె కడ్డీ తిరిగి ఇచ్చి, "నీ జలుబు ఏందయ్యా, ఎండకాలం పోదు వానకాలం పోదు" అన్నది, అంటూనే చూపు బండి వైపు తిప్పుకుంది.

వాసన ఎప్పుడు పోయిందో అతనికే సరిగ్గా తెలియదు. ఒక రోజున తలుపు మూసుకుపోయినట్టు పోలేదు. మొదట చాయ్ బాగుండడం మానేసింది, చాయ్‌పత్తి కొనే దుకాణం మార్చాడు, ఇంకో దుకాణం పత్తి కూడా అట్లాగే ఉంది. సబ్బు సబ్బులా లేదు. మేనకోడలి పెళ్లిలో బిర్యానీ దేగిశా మూత తీసినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారే 'ఆఁ' అన్నారు, అతనూ అన్నాడు, వాళ్ల తర్వాత, కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యం దగ్గరే అర్థమైంది. ఆ తర్వాత ఒకనాడు ప్లాంటులో పక్కన పని చేసే సంగప్ప ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని ఉరికొచ్చి, "ఏందన్నా గట్ల నిలబడ్డవ్, వాల్వు కారుతున్నది, వాసనొస్తలేదా?" అని అరిస్తే, "అదే సూస్తున్న" అన్నాడు, అంటూనే వాల్వు చక్రం తిప్పి మూశాడు. ఏళ్ల తరబడి ఆ డ్రమ్ముల మీద వంగి, ఆ ద్రావకాల ఆవిరి మధ్య తిని, మధ్యే కునుకు తీసి, చివరికి ముక్కు అక్కడే వదిలేసి వచ్చినట్టుంది. అప్పటి నుంచీ ఇతరుల ముఖాలు చూడడం నేర్చుకున్నాడు. సంగప్ప కనుబొమలు ముడిపడితే తనూ ముడిచాడు. సూపర్‌వైజర్ అడుగు వెనక్కి వేస్తే తనూ వేశాడు. కంపెనీ డాక్టరుకు చెబితే ప్లాంటులోంచి తీసేస్తారు, తీసేస్తే ప్యాకింగు, ప్యాకింగు తర్వాత కాంట్రాక్టు, కాంట్రాక్టు తర్వాత గేటు బయట చాయ్ బండి దగ్గర నిలబడే మనుషుల్లో ఒకడు. అలా వెళ్లినవాడిని చూశాడు. పుష్పమ్మకు చెప్పాల్సింది. మొదటి నెలలోనే చెప్పాల్సింది. ఆమె మొదటి రోజునే ఆ కంపెనీ వద్దు, ఎద్దులున్నయి, ఎకరమున్నది అన్న మనిషి. చెప్పడమంటే, నువ్వన్నదే నిజమని ఒప్పుకోవడం, ఒప్పుకుంటే మానెయ్యమంటుంది, మానేస్తే ఆ ఎకరంలో ఏం పండుతుంది ఇప్పుడు, బోరు వేస్తే పసుపుపచ్చ నీళ్లు వచ్చే నేలలో. ఇట్లా వాయిదా వేస్తూ పోతే వాయిదాయే ఇంట్లో ఒక మనిషిలాగా కూర్చుంది.

"స్టార్ట్ చెయ్యి తమ్మీ" అన్నాడు నరసరాజు గారు, ఎడమ పక్క సీట్లో కూర్చొని కిటికీ అద్దం దింపుకుంటూ. పుష్పమ్మ వెనక కూర్చుంది. ఆమె వైపు అద్దం దింపే పిడి విరిగి ఉంది, రెండుసార్లు తిప్పబోయి వదిలేసింది. వెంకటేశం తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అంటుకుంది. చోక్ లాగాల్సిన పని కూడా పడలేదు. చలిలో రాత్రంతా నిలబడ్డ పాత బండి మొదటి తిప్పుకే అంటుకుంటే సగం పరీక్ష గెలిచినట్టే అన్నాడు యాదన్న, దిగి వెనక పొగ చూడు, నీలంగా వస్తే వద్దు. దిగి చూశాడు. సన్నటి తెల్లపొగ, చలికి. మనిషి నోట్లోంచి వచ్చినట్టే. మళ్లీ ఎక్కి, "వెనక ఏమన్న వాసనొస్తె చెప్పు, పెట్రోలుదో, పొగదో" అన్నాడు అద్దంలో ఆమెను చూస్తూ. ఆమె తల ఊపింది. గేరు వేశాడు. బండి కదిలింది.

ఎన్నాళ్లయింది చేతిలో స్టీరింగు పట్టుకొని. అన్నతో కలిసి ట్రాక్టరు నడిపిన రోజుల్లో పొలం దున్నడం అయిపోయాక ఊరికే చెరువు కట్ట దాకా పోయి వచ్చేవాళ్లు, పెద్ద చక్రాల మీద ఎత్తున కూర్చొని, ఎవరూ అడిగేవాళ్లు లేక. ఇది నేలకు దగ్గరగా, మెత్తగా, చెప్పినట్టు వింటూ పోతోంది. సందుల్లోంచి కమాను దాటి పెద్ద రోడ్డు మీదకు తిప్పాడు. బొంబాయి లారీలు, కంపెనీ బస్సులు, సైకిళ్ల మీద టిఫిన్ డబ్బాలతో బీహారు పిల్లలు, ఆదివారమైనా షిఫ్టులు ఆగవు కదా. రెండో గేరు, మూడో గేరు. క్లచ్ జారడం లేదు. బ్రేకు వేస్తే పక్కకు లాగడం లేదు. గుంత వచ్చింది, కింద ఏదో టక్కుమంది, ఒక్కసారే, పాత బండి అన్నాక అంత మాత్రం ఉంటుంది. నరసరాజు గారు మాట్లాడుతూనే ఉన్నాడు, దీంట్లో శ్రీశైలం పోయినం, ఏడుపాయల జాతర పోయినం, ఎక్కడా ఆగలేదు, ఒక్కసారి మెదక్ కాడ ఫ్యాన్ బెల్టు తెగింది, గది నా తప్పే, మార్చుమంటె మార్చలే. వెంకటేశానికి ఆ మాటలు దూరంగా రేడియోలా వినబడుతున్నాయి. నిద్ర కూడా పోయింది, లేదా నిద్రే ఇట్లా ఉందేమో, వెలుతురుగా, చేతుల్లో సన్నగా అదురుతూ. ఇది ఉంటే చాలు. జిన్నారం పక్కన కంపెనీల మధ్య ఉన్న తమ ఊరిలోంచి సంగారెడ్డి ఆస్పత్రికి ఎప్పుడంటే అప్పుడు, వానైనా, బందైనా. ఆగిపోకుండా ఉంటే చాలు. తాను అడిగేది అదొక్కటే, ఈ ఇనప డబ్బాను, ఇన్నేళ్లు తిరిగిన దీన్ని, అవసరమైన ఒక్క గంట ఆగొద్దని.

ఆ సాయంత్రం అట్లాంటి గంటే. పోయిన వానాకాలం. గాలి కదలని పొద్దు, మబ్బు కిందికి దిగి ఊరి మీద కూర్చున్నట్టు ఉంది. పుష్పమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తోంది, తను ముందర పీట వేసుకొని తింటున్నాడు, ఆకలి మీద ఉన్నాడు. ఆమె రొట్టె తడుతూ ఒకసారి ఆగింది. తన ముఖంలోకి చూసింది. ఏందన్నట్టు చూశాడు తను. ఆమె మళ్లీ తట్టింది. మళ్లీ ఆగింది, కొంగు ముక్కుకు పెట్టుకొని, తన వైపే చూస్తోంది, ఏదో అడుగుతున్నట్టు, తనే ఏదో చెప్పాలన్నట్టు. తను ఇంకో రొట్టె వెయ్యమన్నాడు. ఆమె ముఖంలో ఏదో ఆరిపోవడం చూశాడు, ఏమిటో తెలియలేదు. రొట్టె వేసింది. కాలిన రొట్టె తన కంచంలో పెట్టి, లేచి తలుపు దాకా పోయి, గడప పట్టుకొని కూలబడింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, లోపల ఎవరో సన్నటి ఈల వేస్తున్నట్టు. దమ్ము ఆమెకు ముందు నుంచీ ఉన్నదే, ఇంత ఎప్పుడూ లేదు. బయట ఊరంతా దగ్గుతోంది, పిల్లల్ని ఎత్తుకొని చెరువు అవతలికి పోతున్నారు మనుషులు, ఏ కంపెనీ వదిలిందో ఏమో అంటున్నారు. ఊరికంతటికీ తెలిసింది, తనకు తప్ప. మోపెడ్ మీద కూర్చోబెడితే ఆమె పట్టుకొని కూర్చోలేకపోయింది. వాన మొదలైంది. ఆటోవాడు ఊళ్లోకి రానన్నాడు. చివరికి పాల వ్యాను వాడు దయతలచి క్యాన్ల మధ్య చోటిచ్చాడు, సంగారెడ్డి దాకా ఆమె తలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆస్పత్రిలో మూతికి పెట్టిన ఆవిరి గొట్టం తీశాక ఆమె అడిగింది ఒక్కటే మాట: "గంత వాసనల ఎట్ల తిన్నవయ్యా నువ్వు?"

అలవాటైంది అన్నాడు తను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. అన్నం పెట్టింది, బట్టలుతికింది, షిఫ్టుకు పోతుంటే డబ్బా కట్టింది, వాసన వచ్చిన రాత్రుల్లో లేచి తనను లేపకుండానే కిటికీలు మూసుకుంది. భార్య చావూ బతుకూ అలవాటైపోయిన మనిషి పక్కన ఎట్లా పడుకోవాలో అట్లా పడుకుంది. అప్పటి నుంచే ఈ కారు పిచ్చి పట్టింది తనకు. పటాన్‌చెరులోనో సంగారెడ్డిలోనో ఇల్లు కిరాయికి తీసుకుందామని ఒకసారి అంటే, "బర్లను ఎవలు సూస్తరు? ఊరిడిసి నేను రాను, నా దమ్ము కోసం ఊరిడుస్తనా" అన్నది. కారు మాటకైతే అదీ అనలేదు, ఇదీ అనలేదు. నీ ఇష్టం అన్నది. ఆ మాట వినడానికి మెత్తగా ఉంటుంది, పడుకోనివ్వదు.

పటాన్‌చెరు దాటి ఇక్రిశాట్ గోడ పక్కన పోతున్నారు. పొడవాటి గోడ, ఎంత పోయినా అయిపోదు, దాని అవతల చెట్లు. రోడ్డు ఖాళీ అయింది. నాలుగో గేరు వేశాడు. ఇంజన్ చప్పుడు ఒకే తీరుగా సాగుతోంది, వేడి సూచిక సగం దగ్గర కదలకుండా నిలబడింది, ఏ కుదుపూ లేదు, కొందాం అనుకున్నాడు, ఆ మాట లోపల పుట్టగానే ఒళ్లంతా సడలింది. "వాసనేమన్న వస్తుందా?" అని అడిగాడు వెనక్కి తిరగకుండా. "ఏం లేదు" అన్నది పుష్పమ్మ. బండి మంచిదే. పోతుంది ఎక్కడిదాకా అయినా. ఇంజన్ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. బేరింగా, బెల్టా. యాదన్న చెప్పాడు, కీచుమంటే బెల్టు, గురగుర అంటే బేరింగు. ఇది రెండూ కాదు. సన్నగా, ఆగి ఆగి, ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా. యాక్సిలరేటర్ వదిలి చూశాడు. ఇంజన్ తగ్గింది, ఆ చప్పుడు తగ్గలేదు. ఈల. ఆ చప్పుడు తనకు తెలుసు. బండిది కాదు. అద్దంలోకి చూశాడు. ఆమె కళ్లు ఎర్రబడి, నీళ్లు కారుతున్నాయి, నోరు తెరిచి పీలుస్తోంది, పీలుస్తూనే కొంగుతో చప్పుడును అణుస్తోంది.

బండిని గోడ పక్కకు తీసి ఆపాడు. దిగి వెనక తలుపు లాగితే రెండోసారికి గాని రాలేదు. ఆమెను రెక్క పట్టుకొని దింపి గడ్డి మీద కూర్చోబెట్టాడు. ఆమె సంచిలో మందు పంపు ఉంది, తీసి చేతిలో పెట్టాడు, ఒకసారి, రెండోసారి పీల్చింది. నరసరాజు గారు కంగారుగా దిగి, "ఏమైంది బిడ్డా, ఏమైంది" అంటూ వెనక సీటు దగ్గర వంగి, "అరే, పొగ! లోపలంత పొగ!" అన్నాడు. కింది చాప పక్కకు లాగాడు. నేల రేకు తుప్పు పట్టి అరచెయ్యంత కన్నం పడి ఉంది, దాంట్లోంచి రోడ్డు కనబడుతోంది, పక్కనే పగిలిన పొగగొట్టం అతుకు. ఆయన అట్లాగే వంగి ఉండిపోయాడు కాసేపు. "నాకెర్కలేదు తమ్మీ. ఒట్టు. నేనెప్పుడు ముంగటనే కూసుంటి, అద్దం దించుకొని. వెనక కూసునేటోళ్లు లేకనేపోయిరి" అన్నాడు. అబద్ధం కాదది, ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. తర్వాత ఆయన నీళ్లు తెస్తానని రోడ్డు అవతలి హోటలు వైపు నడిచాడు, చెయ్యి అడ్డం పెట్టి లారీలను చూసుకుంటూ.

"వాసనొచ్చింది గద నీకు" అన్నాడు వెంకటేశం.

"నీకు రాలేదా?"

గోడ అవతల ఏదో పిట్ట అరిచింది. ఒక లారీ పోయింది, దాని గాలికి గడ్డి వంగి లేచింది.

"కండ్లు మండుతున్నయి నాకు" అన్నది ఆమె, ఊపిరి మధ్య ఊపిరి తీసుకుంటూ. "గింత పొగ. నువ్వు ముంగట కూసున్నవ్ సరే, ఇప్పుడు లోపల తల పెట్టినవ్. నీకొస్తలేదా?"

"రాదు."

"జలుబా?"

"జలుబు కాదు పుష్పా. పోయింది. ఏదీ రాదు నాకు."

ఆమె పంపు పట్టుకున్న చెయ్యి ఒళ్లోకి దించింది. "ఎప్పటి సంది?"

"రెండేండ్లు అయితుండొచ్చు. ఎక్కువనే కావచ్చు."

ఆమె లోపల రెండేళ్లు వెనక్కి తిరుగుతున్నాయని అతనికి తెలుస్తోంది, ఒక్కొక్క రాత్రీ, ఒక్కొక్క కంచం, అన్నీ తీసి చూసుకుంటోంది. అతను ఆమె ముఖం చూడలేక ఆమె పాదాల దగ్గరి గడ్డిని చూశాడు. ఆమె ఎక్కడ ఆగుతుందో తెలుసు. అక్కడే ఆగింది.

"అంటె ఆ పొద్దు... రొట్టె చేసిన పొద్దు..."

"నాకేం తెల్వలె. నువ్వు నా మొకం ఎందుకు సూస్తున్నవో తెల్వలె."

"లేస్తవేమోనని సూసిన" అన్నది ఆమె. "పోదాం పా అంటవేమోనని. నువ్వేమో ఇంకో రొట్టె అడిగితివి." పంపు ఇంకోసారి పీల్చింది. "అలవాటైంది అంటివి గదయ్యా ఆస్పత్రిల. ఎన్ని దినాలు ఏడ్చిన్నో ఎర్కనా ఆ మాటకు? నేను సచ్చినా గీ మనిషికి అలవాటయితది అనుకున్న."

చెప్పడానికి ఉన్నవన్నీ, కంపెనీ, డాక్టరు, గేటు బయటి మనుషులు, పసుపు నీళ్ల బోరు, అన్నీ నోటి దాకా వచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు, అలసట వాటన్నిటినీ ఒకే ముద్ద చేసేసింది. "భయమైంది" అన్నాడు. అదొక్కటే వచ్చింది.

ఆమె పిడికిలితో అతని భుజం మీద ఒక్కటి వేసింది. బలం లేని దెబ్బ. కాసేపటికి, "పోయిన శుక్రారం పప్పు మాడి బొగ్గయింది. మంచిగున్నదని ఇంకింత ఏసుకున్నవ్" అన్నది.

"ఉప్పు తెలుస్తది. కారం తెలుస్తది. గంతే."

"నా మీద పాయిరంతోని తిన్నవనుకున్న" అని నవ్వబోయింది, నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుంది. అతనికి అప్పుడు గుర్తొచ్చింది అడగాల్సింది. "మరి నువ్వెందుకు చెప్పలే? పొగొస్తుందని? సీదా అడిగిన గద."

ఆమె రోడ్డు వైపు చూసింది. "ముంగట అద్దంల నీ మొకం కనవడ్డది. స్టీరింగు పట్టుకున్నంక. పెండ్లయిన కొత్తల ట్రాక్టరు మీద గట్లుంటుంటివి. మల్ల సూడలే. ఇంకొంచెం దూరం పోనీ అనుకున్న."

నరసరాజు గారు సీసాతో నీళ్లు తెచ్చాడు. ఆమె తాగింది. తిరిగి పోయేటప్పుడు ఆమెను ముందు కూర్చోమన్నాడు ఆయన, అద్దం పూర్తిగా దించి. "మీరు వెనకనా సార్" అంటే, "నా బండి పొగ నేనే తింట తియ్యి" అన్నాడు, అని రెండో వైపు అద్దం దించుకొని తల బయట పెట్టి కూర్చున్నాడు, బస్సులో చిన్నపిల్లవాడిలా. వెంకటేశం మెల్లగా నడిపాడు. ఇంజన్ అదే ఇంజన్, అంతే నున్నగా ఉంది చప్పుడు, ఎక్కడా ఆగదు. ఆగని బండిలో మనిషి ఆగిపోవచ్చని యాదన్న చెప్పలేదు, అతనికి ఆ అవసరం ఎందుకొస్తుంది. అతుకు మార్చవచ్చు, కన్నానికి రేకు వెయ్యవచ్చు. వేస్తే ఇంకోచోట తుప్పు పడుతుంది. పడితే ఎవరికి తెలుస్తుంది ముందు సీట్లో. కడుపులో ఏమీ లేదు, తలలో ఏమీ లేదు, చెప్పేసిన తర్వాత తేలికవుతుందంటారు, అతనికి తేలిక కాలేదు, మోస్తున్నది ఇంకొకరు కూడా పట్టుకున్నట్టుంది, బరువు అంతే ఉంది. పక్కన పుష్పమ్మ ఊపిరి మామూలయింది. ఆమె ఏదో గట్టిగా ఆలోచిస్తున్నప్పుడు కింది పెదవి లోపలికి లాక్కుంటుంది, ఇప్పుడు లాక్కొని ఉంది. అతను రోడ్డు చూస్తూ మధ్య మధ్య ఆమెను చూశాడు. చాలా రోజుల తర్వాత ఆమె తన వైపు ఉన్న మోచెయ్యిని దూరంగా జరుపుకోలేదు.

షెడ్డు కింద బండి ఆపి తాళం ఇచ్చేశాడు. "ఈ బండి వద్దు సార్" అన్నాడు. "ఎవలకూ వద్దు, రేకు మార్పించినంకనే ఎవలకన్న సూపెడత" అన్నాడు ఆయన. అయిపోయింది. ఇక బస్టాండు, బస్సు, ఊరు, నిద్ర. వెంకటేశం గేటు వైపు తిరిగాడు. పుష్పమ్మ తిరగలేదు. తలెత్తి ఆ ఇంటి మేడ వైపు చూస్తోంది.

"పైన ఎవలుంటరు సార్?"

"ఎవలు లేరమ్మా. ఫ్యాక్టరీ పోరగాళ్లుంటుండె, ఖాళీ చేసిన్రు. రెండర్రలు."

"రాత్రిపూట గీడ వాసనలొస్తయా?"

"గా పక్కకెల్లి గాలొస్తె ఎప్పుడన్న జెరంత. మీ జిన్నారం లెక్క ఉండదు."

"ఒకపారి సూడొచ్చా?"

వెంకటేశం ఆమె దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "బర్లు?" అన్నాడు. ఇల్లు మారుదామన్నప్పుడు ఏ మాటతో ఆమె తనను ఆపిందో ఆ మాటే నోటికొచ్చింది.

"బర్లను మీ అన్నకిద్దాం" అన్నది ఆమె. "నా దమ్ము సంగతి యాడున్నా గింతే. నీ సంగతి చెప్పు. నేను మా అవ్వగారింటికి పోయిన్ననుకో. లేకుంటె మందేసుకొని పండుకున్ననుకో. అప్పుడు గా వాసనొస్తె నీకెవలు చెప్తరు? పొద్దుగాల లేచి సూస్తె నువ్వుండవు." ఇది ఆమె ఏడుస్తూ చెప్పలేదు, రొట్టెకు పిండి సరిపోదని చెప్పినట్టు చెప్పింది. "కంపెనీ మాట తర్వాత మాట్లాడుదం. గది కూడ ఇడిసిపెట్ట, చెప్తున్న. ముందుగాల పడుకునే జాగ సూస్కోవాలె."

ఆయన తాళం చెవి తెచ్చి ఇచ్చాడు. నువ్వు రాకు, మెట్లెక్కలేవు, కూసో అన్నది అతనితో. చెప్పకపోయినా అంతే, కాళ్లు అప్పటికే మెట్ల మీద కూలబడ్డాయి. రాతి మెట్టు చల్లగా ఉంది, ఎండ ముఖం మీద పడుతోంది. ఆమె పైకి వెళ్తున్న అడుగులు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్లీ అడుగులు. తలుపు తెరుచుకుంది. గోడకు తల ఆనించాడు. తను లేచి వెళ్లాలి, గోడలు చూడాలి, నీళ్లెట్లా వస్తాయో అడగాలి, మగవాడు చూడాల్సినవి ఏవో ఉంటాయి, కళ్లు తెరుచుకోవడం లేదు. పైన గడియ తీసిన చప్పుడు, కిటికీ రెక్కలు గోడకు తగిలిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు, ఆమె అక్కడ నిలబడి గాలి పీల్చి చూస్తోంది. కాసేపటికి ఇంకో కిటికీ తెరుచుకుంది. మళ్లీ ఏ చప్పుడూ లేదు. ఇద్దరి కోసమూ ఆమే చూస్తోంది. చూడనీ అనుకున్నాడు వెంకటేశం, ఎంతసేపైనా చూడనీ అనుకుంటుండగానే, ఎండలో, మెట్టు మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.